సీసపు పెంకుల కింద

మలిందీ తీరం. రాత్రి రెండు దాటింది.
కాద్జో టీలో చక్కెర వేసి చెంచా తిప్పుతోంది.
ఎక్కడో నక్షత్రం చచ్చిపోయిన కబురు
అప్పుడే పైనుంచి పోయింది.
ఎనిమిది సెకన్లు.
చక్కెర ఇంకా కరగలేదు.

ఆ వెలుగు అద్దానికి లొంగదు,
అద్దంలోంచే దూసుకుపోతుంది.
అందుకని ఆ ఉపగ్రహం నెత్తిన
సీసపు పెంకులు చెదురుమదురుగా పరిచారు.
పెంకు అడ్డుకున్నచోట నీడ,
సందు దొరికినచోట చుక్క.
నీడ ఎటు జరిగితే
వెలుగు దానికి అవతలి దిక్కున.
ఇంత సీసం, ఇంత లెక్క, ఇంత ఖర్చు!

వాళ్ల అవ్వ ఎంబేయుకు ఇవేవీ లేవు.
శుక్లాలు ముదిరిన కళ్లతో చాప మీద కూర్చుని,
కొబ్బరాకుల కప్పు చిల్లులోంచి పడే ఎండచుక్క
మోకాలి మీంచి మోచేతికి పాకగానే
"పడవలొచ్చే వేళైంది, పొయ్యి ముట్టించవే" అనేది.
ఎన్నడూ తప్పలేదు.
తప్పింది, ఒకసారి. ఆవేళ మబ్బు.

పైనున్నది ఎవర్నీ అడక్కుండానే మెడ తిప్పింది.
కింద యాంటెన్నా దాని వెంటే తిరిగింది.
అంకెలు జారాయి.
ఎక్కడెక్కడో కొండల మీద మేలుకున్నవాళ్లకి
కాద్జో చోటు చెప్పింది:
చందమామలో పదోవంతు.
అక్కడ చూడండి, చల్లారకముందే.

తెల్లారి, గేటు దగ్గర వలలు ఆరేస్తూ
బాబాయి కరీసా అడిగాడు,
"రాత్రి ఏమైనా పడిందా?"
"ఒకటి."
"ఎంత దూరంలో?"
"భూమి పుట్టకముందు బయల్దేరింది."
ఆయన వల దులిపాడు.
ఉప్పు రాలింది.
"అయితే మురిగిపోయుంటుందే," అన్నాడు.

కాద్జో కాస్త ఆలోచించింది.
"లేదు బాబాయ్. దారంతా చలే."