ఆరు ముక్కలు

గాజువాకలో జెరాక్స్ షాపు మీది గదిలో
ఎస్తేరు మేడం చెప్పింది:
పొడుగు మాటకి బెదిరిపోకు,
గెడ్డం కింద అరచెయ్యి పెట్టు,
దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని ముక్కలు.
చివర 'షన్' ఉందా,
దాని ముందు ముక్క మీదే ఊనిక.

రాత్రి వడ్లపూడిలో, అరుగు మీద
దవడ పట్టుకుని వల్లిస్తున్నాను.
మసేను తాత ట్రంకుపెట్టి తెరిచి
పాలిథిన్ కవరు విప్పి
"దీన్నీ కొయ్యే గుంటా" అన్నాడు.

స్టీలుప్లాంటుకి భూములిచ్చినోళ్ళ కార్డు.
ఇన్నేళ్ళూ మా ఇంట్లో దాని పేరు
ఆరుకార్డు, అంతే.

రీ. హ. బి. లి. టే. షన్.

"ఆరే! అందుకేనేటి ఆ పేరు?"
తాత నవ్వితే
పళ్ళు లేని చోట గాలి ఆడింది.

ఊనిక 'టే' మీద, అన్నాను.
తనూ పలికాడు, చేతికర్రతో అరుగు కొడుతూ.
ఎన్నిసార్లు పలికినా
కర్ర మొదటి ముక్క మీదే పడింది.

"రీ అంటే ఏటి?"
"మళ్ళీ, తాతా."

ఫర్నేసు వెలుగు మబ్బు అడుగున ఎర్రగా పాకింది.
ఆ కిందే ఎక్కడో మా జీడితోట.

"మళ్ళీ"
అన్నాడు, తెలుగులో,
ళకారం ఒత్తు మీద
ఒళ్ళంతా మోపి.

పరీక్షలో 'టే' కిందే గీత గీశాను.
మార్కొచ్చింది.
ముందు 'రీ' కింద గీసి, రబ్బరుతో చెరిపేశాను.
వేలు పెడితే
కాగితం అక్కడ
ఇంకా పల్లంగానే ఉంది.