కాటా

మంగళవారం ఏడింటికి
ఊదారంగు మూత గొట్టంలో మూడు మిల్లీలీటర్లు.
పేరుండదు. జి-17 అని చీటీ.
పేరు అడగనని, తెలిసినా చెప్పనని సంతకం పెట్టినదాన్ని.
కానీ మాస్కు వెనక ఆ దగ్గు తెలుసు నాకు.
గుంటూరు మిర్చి యార్డులో ఇరవై రెండేళ్లు
కాటా రాసిన గుమస్తా దగ్గు.

"ఈసారి ఎంత తూగిందమ్మా?
గోతం బరువు తీసేశారా?"
తీస్తాం మరి.
ప్రతి పళ్లెంలో ఒక గుంట వట్టి నీళ్లకే.
అది వెలిగిందా, ఆ పూట లెక్కంతా పారబోతే.

యంత్రం రెట్టిస్తూ పోతుంది,
ఒకటిని రెండు, రెండుని నాలుగు, నలభై తిప్పులు.
గీత ఎంత ఆలస్యంగా లేస్తే అంత మేలు.
ఆలస్యానికి సంతోషించే పని
ఈ కొత్తపేటలో నాదొక్కదానిదేనేమో.

నలభై ఒక్క వేల రెండొందలు.
తొమ్మిది వేల ఎనిమిదొందలు.
ఆరొందల పది.

మెట్ల కింద ఆమె ఆపింది ఒకరోజు.
"నేను ఖాశింబీని, వాడి అక్కని.
ఆ పురుగు నా కిడ్నీలోదేనంటగా?"
చిన్నప్పుడెప్పుడో చేరి
ఆమెకి ఒక్క పూట జ్వరమైనా రానీకుండా
నలభై ఏళ్లు పడుకుంది. తమ్ముడి ఒంట్లో లేచింది.
నా ఫారంలో దాత పాజిటివ్, గ్రహీత నెగటివ్,
రెండు గడులూ నేనే నింపాను.
ఆమె అడిగినదానికి గడి లేదు.
"టీ తాగారా?" అన్నాను.
రోజా అంది. మరిచేపోయాను.

పన్నెండో వారం గీత లేవలేదు.
రెండోసారీ పెట్టి చూశాను.
లేదు అని రాయకూడదు మేము,
కనబడలేదు అని రాయాలి.
మిగిలిన ప్లాస్మా మైనస్ ఎనభైలోకి పోయింది,
బయట మే నెల, ఎండకి తారు మెత్తబడుతోంది.
కరెంటు పోయి జనరేటరు అందుకునేదాకా
ఫ్రీజరు మీద చెయ్యి వేసి నిలబడతాను,
నా చేతి వల్ల ఏమవుతుందని కాదు.

అతను జేబులోంచి పొడుగు పుస్తకం తీశాడు.
తేదీ, తూకం. యార్డు పద్ధతిలోనే
నా అంకెలన్నీ ఎక్కించుకున్నాడు, నాకు తెలియకుండా.
చివరి వరసలో సున్నా చుట్టబోయాడు.
"సున్నా కాదండీ," అన్నాను.
"ఖాళీగా వదలనా?"
"ఖాళీ కూడా కాదు."

కాసేపు పెన్ను మూత కొరికి
చిన్న అడ్డగీత గీశాడు.
"మా దగ్గర దీనర్థం,
బస్తా ఇంకా కాటా ఎక్కలేదని."