ఘిసాపిటా

చిలకలగూడ చౌరస్తాలో
ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నా రెండో ఉద్యోగం.
ఊరి పేరే పని పేరు అని నవ్వుకుంటాను
సగం ఎత్తిన షట్టర్ కింద వంగి దూరేటప్పుడల్లా.

పగలు పత్రికలో ప్రూఫులు.
ఎర్రకలంతో కొట్టేసే వాక్యాలను తిట్టడానికి
నా దగ్గర పేర్లు బోలెడు.
పడికట్టు పదం: తూకంరాయి లాంటిది,
ఎన్ని కొట్లు తిరిగినా తన బరువు తనకి తెలీదు.
ఊకదంపుడు: బియ్యం ఎప్పుడో ఎవరో పట్టుకుపోయారు,
రోకలి మాత్రం ఆగదు.
చర్వితచర్వణం: ఈ మాటని నమలడమే కష్టం,
పళ్ళున్న పండితులకి వదిలేశాను.
పాచి, సద్ది, ఎంగిలి...
చెడ్డ వాక్యాన్ని తిట్టే తిట్లన్నీ మనకి
నోట్లోంచో వంటింట్లోంచో వచ్చాయి.
మూస ఒక్కటే
కంసాలి కొలిమి దగ్గర్నుంచి.

ఇదంతా చెబితే ముజీబ్
మౌస్ మీంచి చెయ్యి తియ్యకుండా
"మాకు ఒక్కటే సార్, ఘిసాపిటా" అన్నాడు.
అరిగింది, పైగా దెబ్బలు తిన్నది.

తెలుగు బడికి వెళ్ళనివాడు,
అక్షరాలు ఏ మీట కింద ఉంటాయో మాత్రమే తెలిసినవాడు
'అశ్రునివాళి'ని చూడకుండా కొడతాడు,
క్రావడి కూడా జారదు.
అతని కంప్యూటర్లో పద్నాలుగు చావులు సిద్ధంగా ఉంటాయి.
మీరు లేని లోటు తీరనిది.
మీ ఆశయాలే మాకు బాట.
మా గుండెల్లో చిరస్థాయిగా.
ఫొటో, పేరు, తేదీ మారిస్తే చాలు.
ఒకసారి తేదీ మార్చడం మర్చిపోయాడు.
ఎవరూ చూడలేదు. అన్నాలు తిని వెళ్ళారు.

మొన్న ముసురులో ఎల్లవ్వ వచ్చింది.
వారాసిగూడ మలుపులో మక్క కంకులు కాలుస్తుంది.
పెనిమిటి ఫొటో పాలకవర్లో చుట్టి తెచ్చింది.
"ఎట్లాంటి మనిషమ్మా?" అడిగాను,
ఆరేళ్ళుగా ఒక్క కొత్త వాక్యం కోసం
కాచుక్కూచున్నవాణ్ణి.

"ఎట్లాంటోడేంది సారూ, మనిషే.
కంకి చేతికిచ్చే ముంగట బూడిద ఊదేటోడు.
పిల్లగాండ్లొస్తే రెండుసార్లు ఊదేటోడు.
నాకు యాదికుండదు.
గిరాకోళ్ళు చేతులు కాల్చుకుంటున్రు."

నా ఒళ్ళు జలదరించింది.
(చూశారా, ఇదీ పడికట్టే.)

ముజీబ్ చేత కొట్టించాను:
రెండుసార్లు ఊదినవాడు.
చదివి వినిపించాను.
తప్పుగా వచ్చిన కరెంటు బిల్లుని చూసినట్టు
చాలాసేపు చూసిందామె.

"అది ఇంట్ల మాట సారూ, గోడకెందుకు?
నలుగురికి పెట్టేదే పెట్టు.
మా పక్కగల్లీ కాంట్రాక్టరుకు పెట్టిన్రు సూడు,
గుండెల్ల ఏందో, చిరం ఏందో...
మా జంగయ్యకు
ఒక్కక్షరం తక్కువ గావద్దు."

ముజీబ్ ఏడో నంబరు తెరిచాడు.
మెషీన్ అటూ ఇటూ ఈడుస్తూ
రంగు వాసనతో ఆ మాటని దించింది.
కాంట్రాక్టరుకి దించిన మాటే,
అంతకుముందు వకీలుకి, బడిపంతులుకి.
వానకి ఎంతకీ ఆరలేదు.
తడిగానే చుట్టబోతే
"ఆగు బిడ్డా" అంది.
వంగి 'చిరస్థాయిగా' మీద ఊదింది.
ఏదో గుర్తొచ్చినట్టు
ఇంకోసారి.

ఆమె వెళ్ళాక
నా వాక్యం తెర మీద ఒక మూల అలాగే ఉంది.
దాచమంటారా, చెరపమంటారా అని
అడుగుతోంది కంప్యూటరు.
ముజీబ్ నా వైపు చూస్తున్నాడు.