హాజరు పట్టీ

తాళ్లరేవు దాటాక రొయ్యల షెడ్డు.
ఐదింటికి ముందు ఐసు లారీ వస్తుంది, తర్వాత నేను,
నా వెనకాల వాళ్లు,
నీలం టోపీల్లో, రబ్బరు తొడుగుల్లో,
ఊరంతా కలిసి తొడిగిన ఒకే పేరులో:
హిందీవోళ్లు.

ఇంట్లో హిందీ మాట్లాడేవాడు వాళ్లలో ఒక్కడూ లేడు.
హరిపద మండల్ అని చెప్పాడు ఒకడు, సుందర్బన్ల నుంచి.
ఐసు మర చప్పుడులో నాకు వినబడింది అరిపాదం.
అదే రాశాను.
రెండు నెలలు ఆ పేరు మీదే కూలి తీసుకున్నాడు,
పిలిస్తే పలకడం కూడా నేర్చుకున్నాడు.

మా ముత్తాత సంగాడి నూకరాజు
కాకినాడలో పొగ ఓడెక్కి రంగం పోయాడు.
కోరంగి రేవు పూడిపోయి అప్పటికే ఎన్నాళ్లో!
అయినా అక్కడ ఆయన పేరు కోరంగీ.
బియ్యం మిల్లులో బస్తా మోసే ప్రతివాడూ కోరంగీయే.

ఒక ఎండాకాలం రేవులో కూలి కోసం కత్తులు లేచాయి.
రెండు రాత్రులు ఊకగుట్టలో కూరుకుపోయి
ముక్కు మాత్రం బయటపెట్టి బతికాడట.
ముసలితనంలో కూడా ఊక వాసన తగిలితే
అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.
కానీ ఎవరన్నా బర్మావాళ్లని తిడితే ఊరుకునేవాడు కాదు:
"సగం కూలికి మోత్తామని మనం ఎల్తే
ఆళ్ల పొయ్యి ఎలా ఎలుగుద్దిరా?"

బాంబులు పడ్డాక, అక్కడ నూకలు చెల్లాక,
కొండలన్నీ కాలినడకన దాటి వచ్చాడు
చంకలో ముత్తవ్వ గంధం నూరుకునే సాన.
ముత్తవ్వ రాలేదు.
ఆ సాన మీద మేం ఇప్పుడు అల్లం దంచుతాం.
ఊరు మాకు పెట్టిన పేరు రంగమోళ్లు.
కరెంటు బిల్లు కుర్రాడు ఇప్పటికీ అలాగే అడుగుతాడు.

గేటు బయట పాలెపు మాణిక్యం నన్ను నిలేసింది.
పదకొండేళ్లు ఇక్కడే రొయ్య ఒలిచిన చెయ్యి,
గోళ్లు తెల్లగా నాని మెత్తబడిన చెయ్యి.
"ఆళ్లొచ్చాక కేజీకి రెండ్రూపాయలు కోసేత్తారా?"
కోసింది హరిపద కాదు, యజమాని అందామనుకున్నాను.
యజమాని జీతం తినే నోరు, పెగల్లేదు.
ఆవిడ కూతురు కువైట్లో గిన్నెలు తోముతోంది.
మొన్న ఫోనులో ఎవరో దాన్ని మరియం అని పిలిచారట.
"మా దుర్గని," అంది మాణిక్యం, ఆ రెండ్రూపాయల మాట వదిలేసి.

ఆదివారం పాయ గట్టున హరిపద కనిపించాడు.
మడ ఆకు ఒకటి తుంచి వెనకవైపు నాలుకతో నాకాడు.
"బాయిన్," అన్నాడు.
"మడ," అన్నాను.
నేనూ నాకి చూశాను. ఉప్పు.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు,
మాట్లాడ్డానికి మా ఇద్దరికీ కలిపి ఓ ఇరవై మాటలున్నాయంతే.

సోమవారం పట్టీ తీసి
అరిపాదాన్ని కొట్టేయబోయాను.
చెయ్యి పట్టుకున్నాడు.
"వద్దు సార్. బ్యాంకులో అదే. ఇంటికి డబ్బు పోయేది ఆ పేరు మీదే."

కలం మూత పెట్టి
హాజరు వేశాను.