నాలుగో పుస్తకం, చివరి పేజీ

గురువారం విడిచి గురువారం
నా పుస్తకాల వ్యాను రెండో గేరులో మూలుగుతూ
లాన్‌హెదిన్ కొండెక్కుతుంది.
రెండు వందల పద్నాలుగు మంది మనుషులు,
తడిసిన స్లేటు కప్పులు, ఒక చాపెల్, ఒక బేకరీ,
పదకొండు హత్యలు.

హత్యలన్నీ ఎలినెద్ గారివే.
డెబ్బై మూడేళ్ళావిడ. చాపెల్ వెనకింట్లో
కిటికీ పక్కన టైపు చేసుకుంటూ
ఏడాదికొకరిని చంపుతారు, నేల మీద చుక్క రక్తం పడకుండా.
టీలో ఏదో కలుస్తుంది, లేదా మేడమెట్ల మీద చిన్న తోపు,
ఆ వెంటనే ఎవరో ఒకరు కెటిల్ పొయ్యి మీద పెడతారు.
దొంగని పట్టేది ఒక పోస్టువుమన్,
కవరు చేతిలో పట్టుకుని
లోపల అబద్ధం ఎంత బరువుందో చెప్పేస్తుంది.

ఊరికి కోపమేం లేదు. పైగా పోటీ.
"ఈసారైనా నన్ను చంపండమ్మా" అని
ప్రతి క్రిస్మస్‌కీ బతిమాలుతాడు మైరిగ్.
చాపెల్ పాటల్లో వాడి శ్రుతి విన్నవాళ్ళెవరూ
అడ్డుచెప్పరు.

ఈ చలికాలం దొంగతనం నా వ్యానులోనే జరిగింది.
నాలుగో పుస్తకానికి చివరి పేజీ లేదు.
కొత్త ప్రతి తెప్పించాను, అదీ అంతే.
పెద్దక్షరాల ప్రతి కూడా.
హంతకుడెవరో తెలీక రెండు రాత్రులు కన్ను మూయలేదని
హెండ్రె పొలం హైల్వెన్ అవ్వ
నన్ను తిట్టిన తిట్టు మళ్ళీ తిట్టలేదు.

చింపిన పేజీ కాదది, కోసిన పేజీ.
సన్నటి బ్లేడు గీత
చివర్లో కాస్త వంపు తిరిగి, నెలవంకలా.
తడిమితే వేలికి ఏదో అంటింది.
నాలుక మీద పెట్టుకున్నాను (ఎవరికీ చెప్పకండి).
పిండి.

ఆ నెలవంకని రోజూ పొద్దున్నే
నా రొట్టె నెత్తిన చూస్తూనే ఉన్నాను.

"ఎవరో పేజీలు ఎత్తుకుపోతున్నారు తిదిర్" అన్నాను,
చిల్లర లెక్కపెట్టుకుంటూ, ఊరికే.
అతని చెయ్యి భుజం మీదికి పోయింది.
దులుపుకున్నాడు.
తెల్లగా రాలింది.

పిండి డబ్బా వెనక మూడు పేజీలు, మడత నలగకుండా.
ఆ కథలో హంతకుడు బేకరీవాడు, ఎడమకాలు కుంటి.
"నాదీ ఎడమే" అన్నాడు తిదిర్.
"ఒక్కరూ ఏమీ అనరు. నవ్వుతూనే కొంటారు.
కానీ ఆ పుస్తకం వచ్చాక
బారా బ్రిత్ ముక్క కోసిస్తే నా ముందు తినరు,
పొట్లం కట్టించుకుపోతారు.
చదివినవాళ్ళు ఎలాగూ చదివేశారు.
బళ్ళో ఎదుగుతున్న పిల్లలున్నారుగా."

వానలోనే ఎలినెద్ గారింటికి వెళ్ళి చెప్పాను.
చాలాసేపు టైపు మిషన్ కేసి చూశారు.
"కుడి అని రాస్తే పోయేది. ఒక్క మాట."
తర్వాత, "పదకొండు పుస్తకాలు రాసి
ఇంటిదొంగని పట్టుకోలేకపోయాను."
"తిదిర్‌నేనా?" అన్నాను.
ఆవిడ తల అడ్డంగా ఊపారు.

శనివారం, బేకరీ ముందు బారు వీధి మలుపు దాకా ఉన్నప్పుడు,
ఎలినెద్ గారు కౌంటరుకి చేరబడి
టీలో నానిన ఎండుద్రాక్షల ఆ నల్లరొట్టెని
గడ్డానికి వెన్న అంటుకునేలా తిన్నారు.
ఇంకో ముక్క అడిగారు.
తిదిర్ చాకు రెండుసార్లు జారింది.

పన్నెండో పుస్తకం అక్టోబరులో వచ్చింది.
మైరిగ్ మొత్తానికి చచ్చాడు, రెండో చరణంలో.
చంపింది కిటికీ పక్కన టైపు చేసుకునే ఓ ముసలావిడ.
పోస్టువుమన్‌కి ఆనవాలు చూపించింది
కుంటుకుంటూ వచ్చిన ఒక రొట్టెల మనిషి.
ఆ ప్రతి నా దగ్గరికి తిరిగొచ్చినప్పుడు
చివరి పేజీ మీద వేలిముద్ర, తెల్లగా.
మరకకి ఇరవై పెన్నీలు జరిమానా. రాసుకోలేదు.

నాలుగో పుస్తకం అలాగే ఉంచాను, తోక తెగి.
ఎవరైనా అడిగితే
అచ్చుతప్పు అంటాను.