ఫర్వానియా అంగట్లో, శుక్రవారం

గాజుపలకది వద్దు మస్తానబ్బీ.
పోయినేడు అట్టాంటిదే కొన్న్యా.
కువైట్ ఉక్కకు చెమర్చి, సందుల్లో మైదా దూరి
సరిగ్గా రంజాన్ నడుమ గుడ్లు తేలేసింది.
ఖర్జూరం కేకులు పదకొండు, కంటికొలతనే దించినా.
మేడమ్ ఏమీ అనలా.
నాకే మింగుడుపడలా.

ఆ మూలది తియ్యి, మొరటు స్టీలుది.
మా వీధి బకాలాలో దొరికే బ్యాటరీయేనా?
ఇదో, చక్కెర పొట్లం తెచ్చుకున్న్యా, విప్పనిది.
నడిమధ్యన పెట్టు.
ఇప్పుడు అంచున.
రెండుచోట్లా ఒకే మాట చెప్పాల.

ఐదొందలా మూడు.
ఆ మూడూ కాగితానివి, సరే.

గిన్నె పెట్టి మీట నొక్కు.
సున్నా.
గిన్నె ఆణ్ణే ఉంది,
లెక్కలో లేదు.

నవ్వుతాండానా?
ఏం లేదులే.
అర దినారు తగ్గించి పొట్లం కట్టు,
డ్రైవరు హారన్ కొడతాండాడు.