ఇంటిపేరు ముందు

హోబర్ట్‌లో జూలై. కొండ నెత్తిన మంచు.
రేవు పక్క మ్యూజియం నేలమాళిగలో
నేనూ, మోరీన్ టల్లకూ, పదకొండు వేల సీసాలూ.

ఆమెకి డెబ్బై ఒకటి.
భూతద్దం కింద సూదిమొనతో
రెక్కలో ఈనెలు ఒక్కొక్కటీ విడదీసి
పద్దెనిమిది, పంతొమ్మిది అని
పెదవి కదలకుండా లెక్కపెడుతుంది.
పక్క గీత పొడవునా పొలుసులు యాభై రెండు.
లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి.
తప్పకపోయినా మళ్లీ మొదటినుంచి.

నా పని పక్క గదిలో.
కందిగింజంత కండ, వేలెడు గొట్టం,
రాత్రంతా వేడెక్కి చల్లారే యంత్రం.
తెల్లారేసరికి తెర మీద నాలుగే అక్షరాలు.
గుణింతం లేదు, ఒత్తు లేదు, అరసున్నా లేదు.
ఇంత బీద అక్షరమాలతోనా
సముద్రం తన వంశావళి రాసుకుంది!

ఇసకలో బొజ్జానించి పడుకునే
ఈ చదునుతల చేపలు నలభై.
ఆమె లెక్కలో అన్నీ ఒకటే జాతి.
నా లెక్కలో రెండు.
ఆరువందల యాభై అక్షరాల్లో
ముప్పై ఎనిమిది చోట్ల
వీళ్లు వాళ్లు కారు.

"నీ యంత్రానికి జలుబు చేసింది" అంది మోరీన్.
మళ్లీ నడిపాను. మళ్లీ అదే మాట.

మరి ఉన్న ఒక్క పేరూ ఎవరిది?
1911లో ఎవరో పెట్టిన ఆ పేరు
పై అరలో మూలసీసాలోని చేపది.
ఫార్మాలిన్‌లో నూట పద్నాలుగేళ్లు నానిన ఒళ్లు,
లోపలి అక్షరాలన్నీ తునాతునకలు.
పేరున్నది నోరు విప్పదు.

గురువారం రెగ్ హాలిగన్ ఐసు పెట్టె దించి
బల్ల మీదకి తొంగిచూశాడు.
"ఇంకా తేలలేదా? ఇది పచ్చనోరుది. అది కాదు.
పచ్చనోరుది గుచ్చిందంటే రాత్రంతా సలుపు."
బొటనవేలితో దవడ తెరిచి చూపించాడు.
లోపల పసుపు, అప్పుడే కొమ్ము అరగదీసినట్టు.

స్పిరిట్‌లో ఆ రంగు రెండు రోజులుండదు.
మేము చూసినవన్నీ తెల్లబోయిన నోళ్లే.

మోరీన్ ఏమీ అనలేదు.
నిచ్చెన వేసుకుని పై అరలో మూలసీసా దించింది.
మూత గట్టిగా పట్టేసింది, నేనూ ఓ చెయ్యి వేశాను.
ఇంత తెరిచి, చిమటాతో పట్టుకుని,
ఊపిరి బిగబట్టి దీపం కిందకి వంగింది.
పసుపు ఎప్పుడో పోయింది.
అంగిట్లో పళ్లు మాత్రం ఉన్నాయి, రెండు గుంపులుగా,
రెగ్ తెచ్చిన పచ్చనోటి దానికి ఉన్నట్టే.

ఆ సాయంత్రమంతా నోళ్లు తెరిచాం.
ఇరవై మూడింటికి పాత పేరు.
పదహారింటికి పళ్లు ఒకే గుంపు, పేరింకా పెట్టాలి.

పదిహేడో నంబరు మిగిలింది.
నోరు మొదటి జాతిది, అక్షరాలు రెండోదానివి.
నా యంత్రం చదివేది తల్లివైపు రాతే.
ఇసకలో ఎక్కడో, ఎవరూ చూడనప్పుడు,
ఓ పెళ్లి జరిగింది.

మోరీన్ పెన్సిలు చెక్కి చీటీ అందుకుంది.
సిరా అయితే స్పిరిట్‌లో కరిగిపోతుంది.
లాటిన్‌లో మొదటి మాట రాసి ఆగింది.
"చేపలకి ఇంటిపేరే ముందు" అంది.
"మాకూ అంతే" అన్నాను.
రెండో మాట ఉండాల్సిన చోటు
ఖాళీగానే తోకకి కట్టి
సీసాలోకి జార్చింది.